తల ఊపితే విన్నట్టు కాదు

ఆ రోజు పొద్దున ఆడవాళ్ల వార్డు తుడవడానికి బకెట్టులో హైపో పోశాను. హైపో అంటే బ్లీచింగ్ మందు నీళ్లు. పోసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోకపోతే ముక్కు మండి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ రోజు తిప్పుకోవడం మరిచిపోయాను, అయినా ఏమీ కాలేదు. నీళ్లు ఎక్కువయ్యాయేమో అనుకుని ఇంకొంచెం పోశాను. మంచాల మీద ఉన్నవాళ్లు దగ్గడం మొదలుపెట్టారు. ఒక పెద్దావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నన్ను తిట్టింది. ఏమని తిట్టిందో తెలియదు గానీ, తిట్టిందని ఆమె కళ్లు చెప్పాయి. బకెట్టు వరండాలోకి తెచ్చుకుని, మాస్కు దించి, వంగి వాసన చూశాను. మంచినీళ్ల బిందె మీద వంగినట్టే ఉంది.

కరోనా రెండోసారి ఊళ్ల మీద పడ్డ రోజులవి. వాసన పోతే ఏమిటో మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అక్కడే వరండా మెట్ల మీద కూర్చుండిపోయాను. భయం తర్వాత వేసింది. ముందుగా నాకు అనిపించింది ఒక్కటే, ఇక కాసేపు కూర్చోవచ్చని. అంత అలసిపోయి ఉన్నాను.

నా పేరు సుగుణ. జగిత్యాలలో ఒక ఆసుపత్రిలో వార్డు పని చేస్తాను. తుడవడం, దుప్పట్లు మార్చడం, పేషెంట్లను స్కానింగుకు తోసుకుపోవడం, అన్నీ మావే. ఉండేది కోరుట్లలో. పుట్టింది, పెరిగింది, పెళ్లయింది సిరిసిల్లలో. పవర్‌లూమ్‌ను మేము సాంచె అంటాం. నేను ఉయ్యాలలో ఉన్నప్పుడే పక్క గదిలో సాంచెలు నడిచేవి. ఊహ తెలిసినప్పటి నుంచి షెడ్డులో దారం కండెలు చుట్టాను. మా ఆయన నర్సయ్య సాంచెలు నడిపేవాడు. పని తగ్గిపోయాక కోరుట్లకు వచ్చి బట్టల దుకాణంలో కుదిరాడు. నేను ఆసుపత్రిలో చేరాను.

షెడ్డు గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. సాంచెలన్నీ ఒకేసారి నడుస్తుంటే పక్కన బాంబు పడ్డా వినపడదు. అక్కడ ఎవరూ చెవులతో వినరు. పెదాలు చూస్తారు, చేతులు చూస్తారు. దారం తెగిందా, కండె అయిపోయిందా, అన్నం తిందామా, అన్నీ మూతి కదలికతోనే. ఇంకో అలవాటు కూడా ఉంది. ఆసామి, అంటే సాంచెల యజమాని, వచ్చి ఏదైనా అరిస్తే తల ఊపాలి. అర్థం కాకపోయినా ఊపాలి. మళ్లీ చెప్పమంటే సాంచె ఆపాలి, ఆపితే అతనికి కోపం. తల ఊపి, పక్కనున్నామె ఏం చేస్తుందో చూసి అదే చేస్తే సరిపోయేది. మా అమ్మ అలాగే చేసింది, నేనూ అలాగే చేశాను.

ఆసుపత్రికి వచ్చిన కొత్తలో ఏ ఇబ్బందీ లేదు. మనుషులు ఎదురుగా నిలబడి మాట్లాడేవారు, నేను బదులు చెప్పేదాన్ని. తర్వాత మాస్కులు వచ్చాయి. మాస్కులతో పాటు లోకమంతా గొణగడం మొదలుపెట్టిందని అనుకున్నాను. భయానికి అందరి గొంతులూ పడిపోయాయేమో అని కూడా అనుకున్నాను. నా చెవుల మీద అనుమానం ఒక్కసారి కూడా రాలేదు. ఎలా వస్తుంది? నాకు అప్పటిదాకా అన్నీ వినబడ్డాయి మరి.

మాస్కు ఉన్నా నాకు మాట అర్థమయ్యేది ఒక్క రాజవ్వతోనే. రాజవ్వది కొడిమ్యాల దగ్గర పల్లె. నాకంటే పెద్దది, అక్కా అనేదాన్ని. పొలం పనుల్లో ఈ గట్టు మీది నుంచి ఆ గట్టుకు కేకేసి మాట్లాడిన గొంతు ఆమెది. వార్డులో కూడా అదే గొంతు. సిస్టర్లు ఎన్నిసార్లు మెల్లగా మాట్లాడమన్నా ఆమె వల్ల అయ్యేది కాదు. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చేది. నేను దిగేవేళ, ఆమె ఎక్కేవేళ, బట్టలు మార్చుకునే గది బయట ఒకరికొకరం దూరంగా కూర్చునేవాళ్లం.

"ఏమే సుగుణా, మొగం గట్ల గుంజుకపోయింది, తిన్నవా లేదా?" అని అరిచేది.

"తిన్న అక్కా."

"అబద్ధాలాడకు. రొట్టె తెచ్చిన. తొక్కు గూడ ఉన్నది. దా, దూరం నుంచే అందుకో."

ఆమె డబ్బా గట్టు మీద పెట్టి వెనక్కి జరిగేది. నేను వెళ్లి తీసుకునేదాన్ని. ఆ కాలంలో మా స్నేహం అలా డబ్బా ఇచ్చిపుచ్చుకోవడం మీద నడిచింది.

పొద్దున డ్యూటీ మొదలయ్యే ముందు రోజూ మీటింగు ఉండేది. హెడ్ నర్సు విమల సిస్టర్ మమ్మల్నందరినీ అంబులెన్సులు ఆగే చోట నిలబెట్టి ఆ రోజు సంగతులు చెప్పేది. ఏ వార్డులో ఎవరున్నారు, ఎక్కడికి ఏం వేసుకుని వెళ్లాలి, కొత్తగా ఏ ఆర్డరు వచ్చింది. పక్కనే జనరేటరు. ఆమెకు రెండు మాస్కులు, పైన షీల్డు. చివర్లో "సమజైందా?" అని అడిగినట్టు ఆమె చెయ్యి తిప్పేది. అందరూ తల ఊపేవారు. నేనూ ఊపేదాన్ని. విమల సిస్టర్ మంచి మనిషి. మాకు మాస్కులు తక్కువైతే ఆసుపత్రి పెద్దసారుతో గొడవపడి తెచ్చేది. ఆమె చెప్పకపోవడం ఎన్నడూ లేదు.

వాసన పోయిన రోజే మధ్యాహ్నం టెస్టు చేశారు. పాజిటివ్. డ్యూటీ డాక్టరు దూరం నుంచి కాగితం చూపించి చాలాసేపు మాట్లాడాడు. చిన్నవాడు, అతనూ నిలబడలేక గోడకు ఆనుకుని ఉన్నాడు. నేను తల ఊపి, మందుల కవరు తీసుకుని ఇంటికి వచ్చాను.

కోరుట్లలో మాకు రెండు గదులు. వెనక గదిలో నేను, ముందు గదిలో మా ఆయన, ఇంటర్ చదివే మా బిడ్డ మౌనిక. బిడ్డే తలుపు దగ్గర అన్నం పళ్లెం పెట్టి వెళ్లేది. ఒళ్లంతా ఎవరో కర్రలతో కొట్టినట్టు నొప్పులు. జ్వరం వస్తే దుప్పటి, పోతే చెమట. నా రోగం కంటే బిడ్డకు అంటుతుందన్న భయమే ఎక్కువ తిన్నది నన్ను. ఆ ఇంట్లో నేను ముట్టుకోని గిన్నె లేదు మరి.

మౌనిక వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు ఎక్కడి నుంచో తెచ్చింది. అంకె రోజురోజుకూ దిగుతోంది. ఫోన్ చేస్తే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. వీడియో కాల్ చేస్తే మాత్రం బాగా మాట్లాడుకునేవాళ్లం. తలుపుకు అటు ఒకరం ఇటు ఒకరం ఉండి వీడియోలో మాట్లాడుకున్నాం.

"అమ్మా, డాక్టర్ బోర్ల పండుకోమన్నడంట గదా, పండుకుంటున్నవా?"

"ఎవరన్నరు?"

"నువ్వు అచ్చినంక ఫోన్ చేసిండు. నీకు అన్నీ చెప్పిన అన్నడు. శ్వాస ఆడకుంటే ఎంటనే రమ్మని గూడ చెప్పిండంట."

"నాకేం చెప్పలే బిడ్డా. ఆయనకు నిద్ర లేదు పాపం, ఎవరికి చెప్పిండో ఏమో."

అలా అన్నానే తప్ప ఇంకో ఆలోచన రాలేదు. ఆ మర్నాడు స్నానాల గదికి వెళ్లి వచ్చేసరికి గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఊపిరి పైపైనే ఆడుతోంది. నర్సయ్య ఆటో మాట్లాడుకొచ్చాడు. నేను తుడిచిన వార్డులోనే నాకు మంచం ఇచ్చారు, అప్పటికి దాన్ని కూడా కరోనా వార్డు చేసేశారు.

సీటీ స్కాన్ తీశారు. రెండు ఊపిరితిత్తులూ పట్టేసిందని తర్వాత తెలిసింది. ఆక్సిజన్, ఇంజెక్షన్లు, స్టెరాయిడ్స్. స్టెరాయిడ్స్‌తో షుగర్ ఎక్కింది, దానికి మళ్లీ ఇన్సులిన్. రౌండ్సుకు వచ్చేవాళ్లు తల నుంచి కాళ్ల దాకా తెల్లటి సూట్లలో ఉండేవారు. షీల్డు మీద ఆవిరి పట్టి కళ్లు కూడా కనబడేవి కావు. నా ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ మాస్కు. ఎవరో వంగి ఏదో చెబుతారు, నేను తల ఊపుతాను, వాళ్లు బొటనవేలు చూపించి వెళ్లిపోతారు. పక్క మంచం ఆమె బోర్లా తిరిగితే నేనూ తిరిగేదాన్ని. ఆమె మాత్ర వేసుకుంటే నేనూ వెతుక్కునేదాన్ని. సాంచెల షెడ్డులో బతికినట్టే బతికాను.

ఒకసారి విమల సిస్టర్ సూటు వేసుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. ఛాతీ మీద పేరు రాసుకుంది కాబట్టి ఆమేనని తెలిసింది. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఏదో చెప్పింది. మెల్లగా, ఆగి ఆగి చెప్పింది. ధైర్యం చెబుతోందనుకుని తల ఊపాను. నవ్వాను కూడా. ఆమె కాసేపు నన్నే చూసి, నా భుజం తట్టి వెళ్లింది.

తర్వాత కొంచెం తేరుకున్నాను. ఆక్సిజన్ తగ్గించారు. నర్సయ్య పంపిన బత్తాయిలు ఉన్నాయి. విమల సిస్టర్ వచ్చినప్పుడు రెండు పళ్లు తీసి ఆమె చేతిలో పెట్టాను.

"మేడం, గివి రాజవ్వక్కకు ఇయ్యిండ్రి. మధ్యాహ్నం డ్యూటీకి వస్తది గదా. నాకోసం రొట్టె తెస్తదేమో, నేను తినలేనని చెప్పుండ్రి."

ఆమె నా మీదికి వంగింది. ఏదో అంది. నేను అలవాటుగా తల ఊపి, పట్టుకెళ్లమన్నట్టు తలుపు వైపు చెయ్యి చూపాను. ఆమె మళ్లీ అంది. నేను మళ్లీ ఊపాను. ఆమె పళ్లు నా మంచం మీద పెట్టేసి గబగబా బయటికి వెళ్లిపోయింది. పళ్లు పట్టుకెళ్లడానికి ఇంత బెట్టా అని నాకు చిరాకేసింది.

నా మంచానికి ఎదురుగా ఉన్న వార్డు తలుపుకు పెద్ద గాజు పలక ఉంటుంది. అటు వైపు సిస్టర్లు సూటు విప్పేసి కూర్చునే చోటు. చాలాసేపటికి విమల సిస్టర్ ఆ గాజు వెనకకు వచ్చి నిలబడింది. సూటు లేదు. చుట్టూ చూసి మాస్కు కిందికి లాగింది. ఎన్ని నెలల తర్వాత చూశానో ఆ మొహం. మాస్కు తాళ్లు పడి బుగ్గలు కమిలిపోయి ఉన్నాయి.

"సుగుణా, పొద్దుగాల ఏం తిన్నవ్?" అంది.

"ఇడ్లీ తిన్న మేడం."

"ఎన్ని?"

"ఒక్కటే. నోరు చేదుగున్నది."

ఆమె గాజు మీద చెయ్యి ఆనించింది. "తలుపు ఏసున్నది సుగుణా. నేను గొంతు తీస్తలేను. ఉత్తగ మూతి కదిలిస్తున్న."

నాకు అర్థం కాలేదు. నాకు వినబడుతోంది కదా. స్పష్టంగా వినబడుతోంది. అదే అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

"నీకు ఇనవడది. నువ్వు నా మూతి చూస్తున్నవ్. మొన్న నీ చెయ్యి పట్టుకొని ఏం చెప్పిన్నో నీకు తెల్వదా?"

"ధైర్యంగ ఉండమన్నరు."

"రాజవ్వ పోయింది సుగుణా. నువ్వు ఇంటికి పోయిన తెల్లారే పడ్డది. ఇంట్ల ఉండి ఉండి ఆఖరికి తెచ్చిండ్రు. గా మాట చెప్పిన నీకు. నువ్వు తల ఊపినవ్. నవ్వినవ్."

ఆమె పెదాల మీద ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది. ఏడవాలంటే ఊపిరి చాలలేదు. ఏడుపు మొదలుపెట్టగానే మెషిన్ మీద ఎర్ర లైటు వెలిగింది, లోపలున్న సిస్టర్ పరుగెత్తుకొచ్చి మాస్కు సరిచేసింది. ఆ రోజు నాకు ఏడ్చే వీలు కూడా లేకపోయింది.

మిగతా సంగతి ఆమె తర్వాత చెప్పింది, అదే గాజు వెనక నిలబడి. కరోనా వార్డు నిండిపోయాక, టెస్టు రిపోర్టు ఇంకా రానివాళ్లను కూడా ఆడవాళ్ల జనరల్ వార్డులో పెట్టారట. ఆ వార్డులోకి కూడా ఎన్-95, గౌను, గ్లవుజులు లేకుండా పోవద్దనీ, దుప్పట్లు ఒంటికి తగలనీయొద్దనీ మీటింగులో చెప్పిందట. వరుసగా రెండు రోజులు చెప్పిందట. నేను తల ఊపానట. నేనేమో ఎప్పటిలాగే పల్చటి మాస్కుతో వెళ్లి, సాంచె మీద నుంచి దింపిన బట్ట తాను మోసినట్టు దుప్పట్లన్నీ గుండెకు హత్తుకుని తెచ్చాను. మధ్యాహ్నం డ్యూటీ వాళ్లకు మీటింగే లేదు. పొద్దుటివాళ్లు చెప్పుకుంటారులే అని అందరూ అనుకున్నారు. రాజవ్వకు చెప్పాల్సింది నేనని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉన్నా నాకు వినబడేది కాదు.

డిశ్చార్జి అయ్యాక ఇల్లు చేరాను గానీ మనిషినవడానికి చాలా కాలం పట్టింది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది. గిన్నె కడిగితే కూర్చోవాలి, కూర్చుంటే పడుకోవాలి. షుగర్ తగ్గింది, మళ్లీ పెరిగింది. ఒకసారి దగ్గు తిరగబెట్టి మళ్లీ సీటీ దాకా వెళ్లాం. "ఊపిరితిత్తుల్లో మచ్చలు పడ్డాయమ్మా, ఫైబ్రోసిస్ కొద్దిగా ఉంది, కంగారేం లేదు, మెల్లగా పోతుంది," అన్నాడు డాక్టరు. అతను మాస్కు తీసి, దూరంగా కిటికీ దగ్గర నిలబడి చెప్పాడు. విమల సిస్టర్ నా చీటీ మీద పెద్ద అక్షరాలతో ఏదో రాసి పంపింది, అందుకే.

చెవుల టెస్టు కూడా ఆమె పోరు పెడితేనే చేయించుకున్నాను. గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు ఫోన్లు పెట్టారు. శబ్దం వస్తే బటన్ నొక్కమన్నారు. శబ్దం ఎప్పుడు వస్తుందా అని చూస్తూ కూర్చున్నాను. టెస్టు అయిపోయిందని తలుపు తీశారు.

"ఎన్నేండ్లు చేసినవమ్మా సాంచెల మీద?" మాస్కు దించి అడిగాడు చెవుల డాక్టరు.

"పుట్టినప్పటి సంది సార్."

"నర్వ్ డ్యామేజ్ అయింది. రెండు చెవులూ. ఇది ఇయ్యాల అయింది కాదు. మిషన్ పెట్టుకోవాలె."

ఆ మాట విని నేను మౌనిక వంక చూశాను. అది నేల చూస్తోంది. మా బిడ్డ చిన్నప్పటి నుంచి ఏది చెప్పాలన్నా నా ఎదురుగా వచ్చి నిలబడి చెబుతుంది. వంటింట్లో నుంచి కేకేయదు. ఎంత మర్యాదగల పిల్ల అని చుట్టుపక్కలవాళ్లు మెచ్చుకునేవారు. నేనూ మురిసిపోయేదాన్ని.

"నీకు ముందే తెల్సా బిడ్డా?"

"తెల్సమ్మా. మీ ఇద్దరికీ గట్లనే గదా. మనోళ్లందరూ గట్లనే గదా. దాంట్ల చెప్పేదేమున్నది?"

నిజమే, మా వాడలో అందరూ అంతే. అందరికీ ఉన్నదాన్ని జబ్బు అని ఎవరంటారు?

తిరిగి పనికి వెళ్లాలంటే భయమేసింది. నర్సయ్య వద్దన్నాడు. "ఇనవడని దానివి గా రోగాల నడుమ ఏం జేస్తవే? ఇంకోపారి తల ఊపితే ఎట్ల?" అని నా మొహం మీదే అడిగాడు. కోపమొచ్చింది గానీ ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. విమల సిస్టర్‌కు వీడియో కాల్ చేసి అదే మాట చెప్పాను. ఇనవడనివాళ్లకు మీ దవాఖానల జాగ ఉన్నదా, ఉంటే చెప్పుండ్రి, లేకుంటే ఇంట్ల ఉంట అన్నాను.

చూసి చెప్తానంది. కొన్నాళ్లకు రమ్మని కబురు చేసింది. వెళ్లేసరికి మీటింగు జనరేటరు దగ్గర లేదు. వెనక ఖాళీ స్థలంలోకి మార్చారు. ఆమె అందరికీ దూరంగా, ఎదురు గాలి లేని చోట నిలబడి, మూతి కనబడే ప్లాస్టిక్ షీల్డు ఒక్కటే పెట్టుకుని మాట్లాడుతోంది. "సమజైందా?" అని అడగడం మానేసింది. చెప్పడం అయ్యాక ఒక్కొక్కరినీ పిలిచి, విన్నది తిరిగి చెప్పమంటోంది. మధ్యాహ్నం డ్యూటీకి విడిగా మళ్లీ మీటింగు. మొదట్లో అందరూ విసుక్కున్నారు. మేమేమన్నా బడిపిల్లలమా అని స్ట్రెచర్ తోసే మల్లయ్య మాస్కు దించి గొణిగాడు, నాకు ఎదురుగానే. అతన్నే ముందు చెప్పమంటే సగమే చెప్పాడు. రెండో సగం అతను అసలు వినలేదు. అతని చెవులు మంచివే, మనసు ఇంట్లో జ్వరంతో ఉన్న తల్లి మీద ఉంది. అప్పుడు నాకు తెలిసింది, వినకపోవడానికి సాంచెలే అక్కర్లేదని. అలసిపోయినవాళ్లు, భయపడ్డవాళ్లు, మళ్లీ అడిగితే ఏమనుకుంటారో అని జంకేవాళ్లు, అందరూ తల ఊపుతారు.

ఇప్పుడు కరోనా వార్డు లేదు. అక్కడ మామూలు మంచాలు వేశారు. నేను ఆ వార్డే తుడుస్తున్నాను. మెట్లెక్కితే సగంలో ఆగాలి. హైపో వాసన తిరిగి వచ్చింది, ఇదివరకంత ఘాటుగా కాదు. చెవిలో మిషన్ ఉంది. దాంతో గిన్నెల చప్పుడు, హారన్లు, ఫ్యాను రొద అన్నీ తలలోకి వస్తాయి. సాయంత్రానికి తీసి డబ్బాలో పెట్టేస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. నర్సయ్య మిషన్ పెట్టుకోనంటాడు. ఏం చెప్పినా ఆఁ అంటాడు. నేనేమన్న చెప్పు చూద్దాం అంటే దొరికిపోయి నవ్వుతాడు.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు చెప్పినా, సిస్టర్ చెప్పినా, పెద్దసారు చెప్పినా, జాగ్రత్త మాట చెబితే తల ఊపి వచ్చేయకండి. మీరు విన్నది మీ నోటితో వాళ్లకు తిరిగి చెప్పండి. తప్పు చెబితే వాళ్లే దిద్దుతారు. చెప్పేవాళ్లు మీరైతే, ఎదుటివాళ్లు తల ఊపగానే వెళ్లిపోకండి. కాస్త ఆగి, వాళ్ల నోట మీ మాట వినండి. అంతకంటే బాగా కాపాడే సూటు ఏదీ లేదని నాకు అనిపిస్తుంది.

రాజవ్వ పోయిందని చెప్పినప్పుడు నేను నవ్వానన్నది మరిచిపోదామన్నా మరుపు రాదు. ఏ మిషనూ లేకుండా నాకు వినబడిన గొంతు అదొక్కటే. ఈ మిషన్‌లో అది ఎలా ఉండేదో తెలుసుకోవాలని ఉంటుంది, కుదరదు. రోజూ మీటింగులో నా వంతు వచ్చినప్పుడు విన్నదంతా ఒక్క మాట పోకుండా తిరిగి చెబుతాను. మెల్లగా సుగుణా, పేషెంట్లు పడుకున్నారని విమల సిస్టర్ చెయ్యి ఊపుతుంది. నేను తగ్గించను. వెనకాల నిలబడ్డవాళ్లకు కూడా వినబడాలి కదా.